ఆదిలోనే హంసపాదు అనుకునే ముందు: తొలి మ్యాచ్‌ల్లో ఓడుతున్న జట్టును అభిమాని అంచనా వేయడం ఎలా

2021 ఆగస్టు చివరి వారాంతం ముగిసేసరికి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ పట్టికలో టోటెన్‌హామ్ 3 మ్యాచ్‌లకు 9 పాయింట్లతో (గెలుపుకు 3, డ్రాకు 1) అగ్రస్థానంలో ఉంది. అదే ఉత్తర లండన్‌లో దానికి చిరకాల ప్రత్యర్థి అయిన ఆర్సెనల్ ఒక్క పాయింటూ, కొట్టిన ఒక్క గోలూ లేకుండా, 9 గోల్స్ సమర్పించుకుని, 20 జట్లలో 20వ స్థానంలో ఉంది. 2022 మేలో లీగ్ ముగిసినప్పుడు టోటెన్‌హామ్ 71 పాయింట్లతో నాలుగో స్థానంలోను, ఆర్సెనల్ 69 పాయింట్లతో ఐదో స్థానంలోను నిలిచాయి. ఆగస్టు నెలకు ఉత్తమ మేనేజర్‌గా (అంటే ముఖ్య కోచ్‌గా) ఎంపికైన టోటెన్‌హామ్ మేనేజర్ నూనో ఎస్పిరిటో సాంటోను నవంబరు 1న తొలగించారు. అదే ఆగస్టులో ఎందరో అభిమానులు వెంటనే సాగనంపమని కోరిన మికెల్ ఆర్టెటా ఆర్సెనల్‌లోనే కొనసాగి, ఆ మరుసటి సీజన్‌లో జట్టును 84 పాయింట్లతో రెండో స్థానానికి చేర్చాడు.

దీన్నిబట్టి ఆగస్టు పట్టికకు అర్థమే లేదని తేల్చేయడం తొందరపాటు. ఎందుకంటే అదే రోజు ఆర్సెనల్‌తో పాటు సున్నా పాయింట్లతో ఉన్న నార్విచ్ సిటీ చివరికి 22 పాయింట్లతో అట్టడుగున నిలిచి దిగువ డివిజన్‌కు పడిపోయింది. ఒకే అంకె దగ్గర నిలబడిన రెండు జట్లలో ఒకదాని అభిమాని ఆందోళన అనవసరమైనదీ, మరొకదాని అభిమాని ఆందోళన అక్షరాలా నిజమైనదీ అయింది. ఆ తేడాను సెప్టెంబరులోనే, కనీసం అక్టోబరు నాటికి, పసిగట్టడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు కొన్ని ప్రశ్నలను ఒక వరుసలో వేసుకోవాలి, ఆ వరుస చాలా ముఖ్యం. మనలో చాలామంది మొదలుపెట్టే ప్రశ్న, అంటే మేనేజర్‌ను ఉంచాలా తీసేయాలా అన్నది, నిజానికి అన్నిటికన్నా చివర రావలసినది.

ముందుగా ప్రత్యర్థులెవరో చూడండి

లీగ్ కార్యక్రమం సీజన్ మొత్తానికి సమంగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి జట్టూ ప్రతి ఇతర జట్టుతో సొంత మైదానంలో ఒకసారి, బయట ఒకసారి ఆడుతుంది. కానీ మొదటి ఐదారు మ్యాచ్‌లకు ఆ సమానత్వం వర్తించదు. ఒకరికి వరుసగా బలమైన జట్లు ఎదురుకావచ్చు, మరొకరికి కొత్తగా పైకి వచ్చిన జట్లతోనే ఆరంభం కావచ్చు. అందువల్ల మీ జట్టు పాయింట్లను పక్క జట్టు పాయింట్లతో పోల్చకుండా, మీ జట్టే క్రితం సీజన్‌లో ఇవే మ్యాచ్‌ల్లో ఎన్ని పాయింట్లు తెచ్చుకుందో దానితో పోల్చండి. చెల్సీతో సొంత మైదానంలో ఓడితే, నిరుడు చెల్సీతో సొంత మైదానంలో వచ్చిన ఫలితం పక్కన రాయండి. కొత్తగా పైకి వచ్చిన జట్టు అయితే, దిగువకు పడిపోయిన మూడు జట్లలో ఒకదాన్ని దాని స్థానంలో పెట్టుకోవాలి. దిగువ డివిజన్ విజేతకు బదులు 18వ స్థానంలో పడిపోయిన జట్టును, రెండో జట్టుకు బదులు 19వ జట్టును, మిగిలిన ఒక్క చోటు కోసం జరిగే ప్లేఆఫ్ పోటీ గెలిచి వచ్చినదానికి బదులు 20వ జట్టును తీసుకోవడం అభిమానుల్లో వాడుకలో ఉన్న పద్ధతి.

ఈ లెక్క ఆర్సెనల్‌కు వేసి చూద్దాం. 2021-22లో మొదటి మూడు మ్యాచ్‌లు: బ్రెంట్‌ఫర్డ్ మైదానంలో 0-2, సొంత మైదానంలో చెల్సీతో 0-2, మాంచెస్టర్ సిటీ మైదానంలో 0-5. బ్రెంట్‌ఫర్డ్ ప్లేఆఫ్ గెలిచి వచ్చిన జట్టు కాబట్టి దానికి బదులు నిరుడు 20వ స్థానంలో పడిపోయిన షెఫీల్డ్ యునైటెడ్‌ను తీసుకోవాలి. అక్కడ ఆర్సెనల్ 3-0తో గెలిచింది. నిరుడు సొంత మైదానంలో చెల్సీని 3-1తో ఓడించింది. సిటీ మైదానంలో 0-1తో ఓడింది. అంటే నిరుడు 6 పాయింట్లు వచ్చిన చోట ఈసారి సున్నా. ఇక్కడొక విషయం గమనించాలి: ఈ పద్ధతి అభిమానిని ఓదార్చడానికి పుట్టినది కాదు. ఆగస్టు చివర ఈ లెక్క వేసిన ఆర్సెనల్ అభిమానికి ప్రత్యర్థులు కష్టమైనవారన్న సాకు పూర్తిగా నిలవదనే సమాధానమే దొరికేది.

అయితే లెక్క మూడు మ్యాచ్‌ల దగ్గర ఆపకూడదు. సెప్టెంబరులో నార్విచ్‌పై సొంత మైదానంలో 1-0, బర్న్‌లీ మైదానంలో 1-0, సొంత మైదానంలో టోటెన్‌హామ్‌పై 3-1. వీటికి సరిపోలే నిరుటి ఫలితాలు వరుసగా ఫుల్‌హామ్‌తో 1-1, బర్న్‌లీతో 1-1, టోటెన్‌హామ్‌పై 2-1. ఆరు మ్యాచ్‌లు కలిపితే నిరుడు 11 పాయింట్లు, ఈసారి 9. ఆరు పాయింట్ల లోటు మూడు వారాల్లో రెండుకు తగ్గింది. పట్టికలో పదో స్థానం చూసినవారికి తెలియని సంగతి ఈ రెండు అంకెల పోలికలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రోజున టోటెన్‌హామ్ పరిస్థితి కూడా చెప్పుకోదగినదే: మొదటి మూడు గెలిచి, తరువాతి మూడు ఓడి, దానికీ 9 పాయింట్లే మిగిలాయి; రెండు జట్ల గోల్స్ తేడా (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చేది) కూడా మైనస్ 5. ఎక్కువ గోల్స్ కొట్టినందున ఆర్సెనల్ ఒక మెట్టు పైన నిలిచింది.

ఈ పోలికకు ఒక కాగితం, నిరుటి ఫలితాల పట్టిక చాలు. ప్రతి మ్యాచ్ తరువాత ఒక అంకె కలుపుకుంటూ పోతే, సీజన్ పొడవునా మీ జట్టు నిరుటికంటే ముందుందో వెనకబడిందో తెలుస్తూ ఉంటుంది.

ఎవరు ఆడలేదో రాసుకోండి

రెండో ప్రశ్న మైదానంలో లేనివారి గురించి. 2021 ఆగస్టు 13న బ్రెంట్‌ఫర్డ్ 1947 తరువాత తొలిసారి అగ్రశ్రేణి లీగ్ మ్యాచ్ ఆడింది. ఆ రాత్రి స్టేడియం హోరు ఏ ప్రత్యర్థికైనా కష్టమే. ఆర్సెనల్ ముఖ్య ఫార్వర్డ్‌లు ఒబామెయాంగ్, లాకజెట్ ఇద్దరూ అనారోగ్యంతో లేరు. మిడ్‌ఫీల్డ్‌లో థామస్ పార్టే, డిఫెన్స్‌లో గాబ్రియేల్ గాయాలతో లేరు. ముందు వరుసలో ఇరవయ్యేళ్ల ఫొలారిన్ బాలొగన్ ఆడాడు. కొత్తగా కొన్న బెన్ వైట్ కొవిడ్ వల్ల తరువాతి మ్యాచ్‌కు దూరమయ్యాడు. మూడో మ్యాచ్‌లో, 0-2తో వెనకబడి ఉన్న దశలో, 35వ నిమిషంలో గ్రానిట్ జాకా రెండు కాళ్లతో దూకి టాకిల్ చేసి రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. మిగిలిన మ్యాచ్ పదిమందితో ఆడి మరో మూడు గోల్స్ ఇచ్చుకున్న జట్టు ఆటతీరు గురించి ఆ సమయం నుంచి నేర్చుకోగలిగేది దాదాపు ఏమీ లేదు.

గైర్హాజరీని సాకుగా వాడుకోవడం తేలిక. దాన్ని సమాచారంగా వాడుకోవాలంటే ప్రతి పేరు ఎదుటా తిరిగివచ్చే తేదీ రాయాలి. గాయం మూడు వారాలదా, మూడు నెలలదా? నిషేధం ఎన్ని మ్యాచ్‌లకు? తిరిగి రావలసినవాడు రాగానే జట్టు మారిందా? సెప్టెంబరు 11న నార్విచ్‌తో మ్యాచ్‌కు గాబ్రియేల్ తిరిగి వచ్చి వైట్ పక్కన నిలబడ్డాడు. పార్టే ప్రత్యామ్నాయ ఆటగాడిగా దిగాడు. బదిలీల గడువు చివరి రోజు, ఆగస్టు 31న, కొన్న తకెహిరో తొమియాసు కుడి వైపు తొలిసారి ఆడాడు. గోల్‌కీపర్‌గా ఆరన్ రామ్స్‌డేల్ ఆర్సెనల్ తరఫున లీగ్‌లో తొలిసారి నిలబడ్డాడు. మొదటి మూడు మ్యాచ్‌ల్లో 9 గోల్స్ ఇచ్చిన జట్టు ఆ తరువాతి మూడింటిలో ఒక్కటే ఇచ్చింది. మేనేజర్ అతడే, పద్ధతి అదే, వెనక వరుస మాత్రం వేరు. ఇటువంటి మార్పు కనిపిస్తే ఆందోళన సగం తగ్గించుకోవచ్చు. కావలసినవారంతా తిరిగి వచ్చాక కూడా ఫలితం మారకపోతే మాత్రం ఆ జాబితాను చించేసి, తరువాతి ప్రశ్నకు వెళ్లాలి.

గోల్స్ ఎలా పడ్డాయో ఒక్కొక్కటిగా చూడండి

మన సమయం ప్రకారం ఇంగ్లండ్ శుక్రవారం రాత్రి మ్యాచ్ వేసవిలో అర్ధరాత్రి 12.30కు మొదలవుతుంది. రెండున్నరకు ఓటమితో ముగిసిన మ్యాచ్ గురించి మూడు గంటలకు ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ఎవరితోనూ పంచుకోకపోవడం మంచిది. మరునాడు తీరికగా గోల్స్‌ను మాత్రం మళ్లీ చూడండి; కానీ వార్తల్లో చూపించే ఆరు సెకన్ల ముక్కలు సరిపోవు. గోల్ పడడానికి ముందు అర నిమిషం చూడాలి. బంతి ఎక్కడ పోయింది, ఎవరు పోగొట్టారు, వెనక్కి పరిగెత్తవలసినవారు పరిగెత్తారా అన్నవి అక్కడ ఉంటాయి.

బ్రెంట్‌ఫర్డ్ రెండో గోల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 73వ నిమిషంలో పక్క గీత నుంచి చేతులతో విసిరిన ఒక పొడవాటి త్రో-ఇన్ గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలోకి వచ్చింది. గాలిలో ఎవరూ దాన్ని అందుకోలేదు. బంతి నేలను తాకి మళ్లీ ఎగిరింది. గోల్‌కీపర్ బెర్న్డ్ లెనో ముందు గుంపు చేరింది. ఆర్సెనల్ ఆటగాళ్లెవరూ దాన్ని తీసివేయలేకపోయారు. క్రిస్టియన్ నోర్గార్డ్ దగ్గరనుంచి తలతో లోపలికి నెట్టాడు. బ్రెంట్‌ఫర్డ్ పొడవాటి త్రో-ఇన్‌లను ప్రత్యేకంగా సాధన చేసే జట్టని అందరికీ తెలుసు. ఇది దురదృష్టం కాదు, తయారీ లోపం. మరోవైపు, ఇది వ్యవస్థ మొత్తం కూలిపోవడమూ కాదు. సెట్‌పీస్ (త్రో-ఇన్, ఫ్రీకిక్, కార్నర్ వంటి, ఆట ఆగి మళ్లీ మొదలయ్యే సందర్భం) లోపాన్ని శిక్షణ మైదానంలో కొన్ని వారాల్లో సరిదిద్దవచ్చు. మధ్య వరుసను ప్రత్యర్థి ప్రతిసారీ సులువుగా దాటిపోతుంటే, అది వారాల్లో కుదిరే పని కాదు. కాబట్టి జట్టు ఇచ్చిన ప్రతి గోల్‌నూ మూడు రకాలుగా విడగొట్టండి: ఒక వ్యక్తి పొరపాటు, సెట్‌పీస్, ఆట నడుస్తుండగా ప్రత్యర్థి కట్టిన దాడి. ఎనిమిది మ్యాచ్‌ల తరువాత మూడో రకమే ఎక్కువగా ఉంటే అది తీవ్రమైన సంగతి.

గోల్స్ సంఖ్య కన్నా అవకాశాల నాణ్యత చూడడానికి ఇప్పుడు అందరూ వాడుతున్న కొలత ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, క్లుప్తంగా ఎక్స్‌జీ. ఒక షాట్ తీసిన చోటు, కోణం, తలతోనా కాలితోనా అన్నవి చూసి, అటువంటి షాట్లు వందకు ఎన్ని గోల్ అవుతాయో లెక్కకట్టి ఆ షాట్‌కు విలువ ఇస్తారు. పెనాల్టీకి సాధారణంగా 0.76 నుంచి 0.79 దాకా విలువ వేస్తారు. ముప్పై గజాల నుంచి కొట్టిన షాట్‌కు అందులో చాలా చిన్న భాగమే వస్తుంది. అండర్‌స్టాట్ వంటి సైట్లలో యూరప్ పెద్ద లీగుల అంకెలు ఉచితంగా దొరుకుతాయి. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీని చూసి ఏ నిర్ణయానికీ రాకండి. కనీసం ఆరేడు మ్యాచ్‌ల మొత్తాన్ని, జట్టుకు వచ్చినదీ జట్టు ఇచ్చినదీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆధిక్యంలో ఉన్న జట్టు వెనక్కి తగ్గి ఆడుతుంది కాబట్టి ఓడుతున్న జట్టుకు చివర్లో షాట్లు ఎక్కువ వస్తాయి. ఆ షాట్లు పెంచే అంకెను నమ్మి మనమే బాగా ఆడామని సంబరపడకూడదు. బ్రెంట్‌ఫర్డ్ దగ్గర బంతి ఎక్కువసేపు ఆర్సెనల్ కాళ్ల దగ్గరే ఉంది, అయినా ఆ రాత్రి ఆర్సెనల్ బాగా ఆడిందని ఎవరూ అనలేరు. నా మట్టుకు నేను స్కోరు సమంగా ఉన్నంతసేపు జరిగిన ఆటకే ఎక్కువ విలువ ఇస్తాను.

టోటెన్‌హామ్ అభిమానులు ఆ ఆగస్టులో వాపును చూసి బలుపనుకున్నారు. మూడు విజయాలూ 1-0లే. మాంచెస్టర్ సిటీపై సన్ హ్యూంగ్-మిన్ కొట్టిన గోల్ మంచిదే, కాదనలేం. వుల్వ్స్‌పై గెలుపు పెనాల్టీతో వచ్చింది. వాట్‌ఫర్డ్‌పై గోల్ అయితే బాక్సులోకి వేసిన ఫ్రీకిక్‌ను ఎవరూ తాకకపోగా నేరుగా నెట్‌లోకి పోయినది. అదే సమయంలో వుల్వ్స్ మొదటి మూడు మ్యాచ్‌లనూ 0-1తోనే ఓడింది, అవకాశాలు మాత్రం ధారాళంగా సృష్టించుకుంది. సీజన్ చివరికి 51 పాయింట్లతో పదో స్థానంలో సురక్షితంగా నిలిచింది. ఆ మూడు ఓటముల్లోని ఆటను చూసిన వుల్వ్స్ అభిమాని హాయిగా నిద్రపోవచ్చు. టోటెన్‌హామ్ అభిమాని నిద్రపోకూడదు.

కప్ మ్యాచ్‌లను ఈ లెక్కలో కలపకండి. సిటీ చేతిలో ఐదు గోల్స్ తినడానికి మూడు రోజుల ముందు ఆర్సెనల్ లీగ్ కప్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్‌ను 6-0తో ఓడించింది. ప్రత్యర్థి ఎక్కువగా ద్వితీయ శ్రేణి ఆటగాళ్లతో దిగింది. అది దేనికీ సాక్ష్యం కాలేదు.

సాకులకు గడువు పెట్టండి

నార్విచ్ సంగతికి వద్దాం. దాని మొదటి మూడు ప్రత్యర్థులు లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, లెస్టర్. ఫలితాలు 0-3, 0-5, 1-2. ప్రత్యర్థులు కష్టమైనవారన్న మాట ఆర్సెనల్‌కు ఎంత వర్తిస్తుందో నార్విచ్‌కు అంతకన్నా ఎక్కువే వర్తిస్తుంది. ఆగస్టు 31న రెండు జట్ల అభిమానులూ ఒకే మాట అనుకుని ఉంటారు. నిజం బయటపడింది తరువాతి మ్యాచ్‌ల్లో: నార్విచ్ ఆర్సెనల్ చేతిలో ఓడాక, సొంత మైదానంలో తనతో పాటే పైకి వచ్చిన వాట్‌ఫర్డ్ చేతిలో 1-3తో ఓడింది. ఆ రోజుతో సాకు గడువు తీరిపోయింది. పది మ్యాచ్‌లు ముగిసేసరికి దానికి వచ్చినవి 2 పాయింట్లే.

కాబట్టి సీజన్ కార్యక్రమం విడుదలైన రోజునే, ఇంకా ఎవరూ ఓడకముందే, మొదటి పది మ్యాచ్‌లను చూసి రెండు గుర్తులు పెట్టుకోండి. ఒకటి, ఏ మ్యాచ్‌లను తప్పనిసరిగా గెలవాలి, లేదా కనీసం ఓడకూడదు. రెండు, ఏ తేదీన నేను తీర్పు చెబుతాను. నాకు దేశ జట్ల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగే అక్టోబరు అంతర్జాతీయ విరామం అనుకూలంగా తోస్తుంది, ఎందుకంటే అప్పటికి ఏడెనిమిది మ్యాచ్‌లు అయి ఉంటాయి, ఆగస్టులో కొన్నవారు కుదురుకుని ఉంటారు. ముందే పెట్టుకున్న తేదీ వల్ల ఇంకొక ప్రయోజనం ఉంది: ఒక ఓటమికి ఉడికిపోవడమూ, ఒక గెలుపుకు అన్నీ మరచిపోవడమూ రెండూ తగ్గుతాయి.

నార్విచ్ విషయంలో ఇంకొక సూచన అభిమానికి వేసవిలోనే దొరికింది. జట్టు పైకి రావడానికి ముఖ్య కారణమైన సృజనాత్మక మిడ్‌ఫీల్డర్ ఎమిలియానో బువెండియాను ఆస్టన్ విల్లాకు అమ్మేశారు, సాటివాడు రాలేదు. ఆర్సెనల్ అదే వేసవిలో వైట్, ఒడెగార్డ్, రామ్స్‌డేల్, లొకొంగా, తవారెస్, తొమియాసులను తీసుకుంది; వారిలో ఎవరికీ కొన్ననాటికి 23 ఏళ్లు దాటలేదు. అంత పిన్న వయసువారు ఆగస్టులోనే కుదురుకోవాలని ఆశించడం అన్యాయం. వేసవిలో ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు, వచ్చినవారి వయసెంత అన్న మూడు ప్రశ్నల జవాబుతో ఓపికను ఎంతకాలం పట్టాలో నిర్ణయించుకోవచ్చు.

చివరగా మేనేజర్ ప్రశ్న

ఇన్ని చూశాక కూడా మేనేజర్ మారాలనిపిస్తే, ఒక షరతు పెట్టుకోండి: తరువాత వచ్చేదెవరో చెప్పలేనివారు ముందున్నవారిని తీసేయమనకూడదు. అదే 2021-22లో వాట్‌ఫర్డ్ 7 మ్యాచ్‌లకు 7 పాయింట్లతో, పడిపోయే మూడు స్థానాలకు పైనే ఉండగా, అక్టోబరు 3న సిస్కో మున్యోస్‌ను తొలగించింది. క్లౌడియో రనియెరీ వచ్చాడు, జనవరిలో ఆయన్నూ తీసేశారు, రాయ్ హాడ్జ్‌సన్ వచ్చాడు. చివరికి 23 పాయింట్లతో 19వ స్థానం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. టోటెన్‌హామ్ మాత్రం నూనోను తీసేసినప్పుడు ఆంటోనియో కాంటే ఖాళీగా ఉన్నాడు, వచ్చాడు, నాలుగో స్థానం తెచ్చాడు. 2017లో క్రిస్టల్ ప్యాలెస్ ఫ్రాంక్ డి బూర్‌ను నాలుగు లీగ్ మ్యాచ్‌లకే పంపేసినప్పుడు లోకమంతా నవ్వింది. హాడ్జ్‌సన్ వచ్చాక కూడా మరో మూడు మ్యాచ్‌లు ఒక్క గోల్ లేకుండా ఓడినా, ఏడు వరుస ఓటముల తరువాత చెల్సీని ఓడించి, 44 పాయింట్లతో 11వ స్థానంలో ముగించింది. మార్పు మంచిదా చెడ్డదా అన్నదానికి ఒకే సమాధానం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. జట్టులో ఉన్నవారికి ఏ పద్ధతి నప్పుతుందో తెలిసినవాడు వచ్చిన చోట ఫలితం కనిపించింది.

పాయింట్ల పట్టిక నిజంగా భయంకరంగా ఉన్నా దారి మూసుకుపోదు, కానీ అది ఖరీదైన దారి. న్యూకాజిల్ ఆ సీజన్ మొదటి 14 మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. అంతకుముందు ప్రీమియర్ లీగ్‌లో అటువంటి ఆరంభం తరువాత ఏ జట్టూ నిలదొక్కుకోలేదు. అక్టోబరులో క్లబ్ యాజమాన్యం మారింది, నవంబరులో ఎడ్డీ హౌ వచ్చాడు, జనవరిలో ట్రిప్పియర్, గిమరాయిష్, క్రిస్ వుడ్, డాన్ బర్న్ వంటివారిని కొన్నారు. 49 పాయింట్లతో 11వ స్థానం దక్కింది. మీ క్లబ్‌కు జనవరిలో అలా ఖర్చు చేసే స్తోమత లేకపోతే న్యూకాజిల్ ఉదాహరణతో ధైర్యం తెచ్చుకోకండి.

లోపం మైదానంలో లేనప్పుడు

మన దేశపు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) చూసేవారు ఇవే ప్రశ్నలను వాడుకోవచ్చు, అయితే సీజన్ చాలా చిన్నది కాబట్టి తీర్పు తేదీని ముందుకు జరపాలి. 2020-21 నుంచి 2023-24 దాకా ఉన్న 20, 22 మ్యాచ్‌ల సీజన్లలో ఐదో మ్యాచ్ నాటికే దాదాపు పావు వంతు అయిపోయేది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ విషయంలో తెలుగు అభిమానికి అన్ని రకాల ఆరంభాలనూ చూపించింది. 2019 అక్టోబరులో తన మొట్టమొదటి ఐఎస్ఎల్ మ్యాచ్‌లో కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓడింది. అప్పటి కోచ్ ఫిల్ బ్రౌన్. 2008లో ఇంగ్లండ్‌లో హల్ సిటీని మొదటి 9 మ్యాచ్‌లకు 20 పాయింట్లతో ఆకాశానికెత్తి, ఆ సీజన్‌ను 35 పాయింట్లతో 17వ స్థానంలో ఊపిరి బిగబట్టి ముగించినవాడు ఆయనే. ఆరంభం ఎంత మోసగించగలదో ఆయనకన్నా బాగా తెలిసినవారు అరుదు. హైదరాబాద్‌లో మాత్రం ఆరంభం అబద్ధం చెప్పలేదు: 2020 జనవరిలో ఆయన్ను తొలగించారు, జట్టు 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది.

రెండేళ్ల తరువాత, 2021 నవంబరులో, మనోలో మార్కెజ్ శిక్షణలోని హైదరాబాద్ మొదటి మ్యాచ్‌లో చెన్నయిన్ చేతిలో 0-1తో ఓడింది. తరువాతి మ్యాచ్‌లోనే ముంబయి సిటీపై 3-1తో గెలిచింది. ముందు సీజన్‌లో ఐదో స్థానం తెచ్చిన కోచే కొనసాగుతున్నాడు, బార్తొలొమ్యూ ఒగ్‌బెచే వంటి ఫార్వర్డ్ చేరాడు, ఓటమి ఒక్క గోల్‌తోనే. ఆందోళన పడడానికి ఒక్క కారణమూ లేదు. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1గా ముగిసి, పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాద్ ఛాంపియన్ అయింది.

2023-24 ఆరంభం వేరే రకం. మార్కెజ్ ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్లిపోయాడు. ఆటగాళ్ల బకాయిల వివాదాలు, కొత్తవారిని నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం వార్తల్లోకి వచ్చాయి, సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు, అనుభవజ్ఞులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో కుర్రవాళ్లతోనే జట్టును నిలబెట్టాడు. సీజన్ మొత్తానికి ఒకే ఒక్క విజయం, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. ఇటువంటప్పుడు ఫార్మేషన్ (మైదానంలో ఆటగాళ్ల అమరిక) గురించి, ఎక్స్‌జీ గురించి వాదించడం వ్యర్థం. జీతాలు అందుతున్నాయా, నమోదు నిషేధం ఉందా, ఒప్పందాలు ముగియకముందే ఆటగాళ్లు వెళ్లిపోతున్నారా, యాజమాన్యం బయటికి వచ్చి మాట్లాడుతోందా అన్నవే చూడవలసినవి. వీటిలో రెండింటికి చెడ్డ సమాధానం వస్తే అక్టోబరు దాకా ఆగనక్కరలేదు. అభిమాని సంఘం పేరిట క్లబ్‌కూ లీగ్‌కూ రాతపూర్వకంగా ప్రశ్నలు పంపవలసిన సమయం అదే. హైదరాబాద్ ఫ్రాంచైజీ 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.